గెడ్డ దాటినవాళ్ళు చెప్పే కథ

ఆగస్టు 9 వస్తే మా మండల కేంద్రంలో షామియానా లేస్తుంది. ఆశ్రమ పాఠశాలల నుంచి పిల్లల్ని వరసలు కట్టించి నడిపించుకొస్తాం. థింసా ఆడే ఆడవాళ్ళని పొద్దున తొమ్మిదికే తెచ్చి ఎండలో నిలబెడతారు. నాయకుడు పన్నెండు దాటాక దిగుతాడు. మెడలో పూలదండ, తలకు పాగా, చేతికి విల్లు. ఫొటోలు అయ్యాక మైకు అందుకుంటాడు. ఆ తర్వాత ఏం వస్తుందో మా పిల్లలకు ఎక్కాలకన్నా బాగా వచ్చు.

"నేనూ మీలాగే పల్లెటూళ్ళో పుట్టాను. కాళ్ళకు చెప్పుల్లేవు. కిరసనాయిలు బుడ్డి వెలుగులో చదువుకున్నాను. అంబలి తాగి, గెడ్డ దాటి, నాలుగు మైళ్ళు నడిచి బడికెళ్ళాను. పట్టుదల ఉంటే మీరూ నాలా కావచ్చు."

చప్పట్లు. ముందు కొట్టేది మేమే. మేమంటే ఏజెన్సీలో పుట్టి, టీటీసీ చదివి, ఏజెన్సీ బడుల్లోనే పలక పట్టిస్తున్న ఆదివాసీ ఉపాధ్యాయులం. మేం కొడితేనే పిల్లలు కొడతారు.

కొన్నేళ్ళ కిందట అలాంటి సభ నుంచి తిరిగి వస్తుంటే నాలుగో తరగతి పిల్ల ఒకతె మమ్మల్ని ఒక మాట అడిగింది. వాళ్ళ ఊరు గెడ్డకి అవతల. వానాకాలం గెడ్డ పొంగితే ఆ పిల్ల బడికి రాదు. హాజరుపట్టీలో ఆ రోజు సున్నా పడుతుంది. కువిలో అడిగింది: "ఆ బాబు దాటిన గెడ్డకి ఇప్పుడు వంతెన ఉందా?"

మాలో ఎవ్వరం జవాబు చెప్పలేకపోయాం. ఆ పిల్ల నాయకుణ్ణి అనుమానించలేదు. ఆయన చెప్పినదంతా నమ్మింది. నమ్మింది గనకే అడిగింది. గెడ్డ కష్టం తెలిసినవాడు, ఇంత పెద్దవాడైనవాడు, మొదట చేసే పని వంతెన కట్టడమే కదా అనుకుంది. ఆ ప్రశ్నే మనందరం అడగాల్సిన ప్రశ్న అని చెప్పడానికే ఈ వ్యాసం.

కథ నిజమేనా?

సభ ముగిశాక పెద్దవాళ్ళ మాటలు వేరుగా ఉంటాయి. సంతలో జీలుగు కల్లు దగ్గర కూర్చున్న ముసలివాళ్ళు అంటారు: "ఈయన తాత ముఠాదారు కాడా? నడిచాడట! నడిచింది గుర్రం, ఈయన పైన కూర్చున్నాడు." ఇంకొకడు అంటాడు: "వాళ్ళింట్లో ఆ రోజుల్లోనే పెంకుటిల్లు. బుడ్డి దీపం పశువుల సాలలో పెట్టేవారు." అందరూ నవ్వుతారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, వినేవాళ్ళు అంత లోకువేం కాదు. చప్పట్లు కొట్టే చేతులు వేరు, కొలత వేసే నోళ్ళు వేరు.

ఈ అనుమానం మన మన్యంలో పుట్టినది కాదు, ఈ కథా మన దేశంలో పుట్టినది కాదు. ఎన్నికల్లో గుడిసెను అమ్ముకోవడం ఎంత పాతదో, దాని వెనక ఎవరి భూమి ఉందో ఆదివాసులం తప్పక తెలుసుకోవాలి. 1840లో అమెరికాలో అధ్యక్ష ఎన్నికలు వచ్చాయి. విలియం హెన్రీ హారిసన్ అనే ముసలి సేనాని నిలబడ్డాడు. అవతలి పక్షం పత్రిక ఒకటి ఆయన్ని ఎగతాళి చేసింది: ఒక పీపాడు ఆపిల్ కల్లూ, కాస్త పింఛనూ ఇస్తే దుంగల గుడిసెలో కూర్చుని కాలం గడిపేస్తాడని. హారిసన్ పక్షం వాళ్ళు ఆ ఎగతాళినే జెండా చేసుకున్నారు. దుంగల గుడిసె బొమ్మలు బండ్లమీద ఊరేగించారు. ఆపిల్ కల్లు పోయించారు. మా వాడు గుడిసెలవాడు, మీ వాడు మేడలవాడు అని పాటలు కట్టారు. ఆయన గెలిచాడు.

నిజానికి హారిసన్ గుడిసెలో పుట్టలేదు. వర్జీనియాలో బానిసల చేత సాగు చేయించిన పెద్ద ఎస్టేటు వాళ్ళది. తండ్రి 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్ళలో ఒకడు, తర్వాత ఆ రాష్ట్రానికి గవర్నరు.

అంతటితో అయిపోతే నవ్వుకుని వదిలేయవచ్చు. ఇదే హారిసన్ అంతకు ముందు ఇండియానా ప్రాంతానికి గవర్నరు. 1809లో ఫోర్ట్ వేన్ దగ్గర కొందరు తెగ పెద్దల చేత ఒప్పందం రాయించుకుని సుమారు 30 లక్షల ఎకరాల ఆదివాసీ భూమి లాగేసుకున్నాడు. ఈ భూమి అన్ని తెగలదీ, కొందరు సంతకం పెడితే చెల్లదు అని షానీ తెగ నాయకుడు టెకుమ్సే అడ్డు తిరిగాడు. 1811లో టిప్పెకనూ నది దగ్గర హారిసన్ సైన్యం పోరాడి, ఆదివాసుల ఊరిని తగలబెట్టింది. 1840 ఎన్నికల్లో ఆయన నినాదంలో ఆ నది పేరే మోగింది. బొమ్మలో గుడిసె ఆయనది. కాలిన గుడిసెలు ఆదివాసులవి.

సరిగ్గా 174 ఏళ్ళ తర్వాత అదే తంతు మన దేశంలో చూశాం. వడ్‌నగర్ రైల్వే స్టేషన్‌లో తండ్రికి టీ దుకాణం ఉండేదనీ, చిన్నప్పుడు తానూ టీ అమ్మాననీ నరేంద్ర మోదీ చెప్పుకొన్నారు. 2014 జనవరిలో కాంగ్రెస్ నాయకుడు మణిశంకర్ అయ్యర్, ఆయన ప్రధాని కాలేడు, కావాలంటే మా సమావేశం దగ్గర టీ అమ్ముకోడానికి చోటు చూపిస్తాం అన్నట్టు వెక్కిరించారు. మరుసటి నెలకల్లా "చాయ్ పే చర్చ" దేశమంతా మొదలైంది. ఎగతాళి జెండా అయింది. అదే ఏడాది ఆయన బాల్యం మీద బొమ్మల పుస్తకం వచ్చింది. అందులో బాలుడు మొసళ్ళున్న చెరువును ఈదుతాడు. అటుపక్క వాళ్ళు ఆ స్టేషన్‌లో టీ అమ్మినట్టు రికార్డు ఉందా అని సమాచార హక్కు దరఖాస్తులు పెట్టారు. ఒకడు మొసలి ఉందంటాడు, ఇంకొకడు టీ కప్పే లేదంటాడు. ఈ తగువులో పదేళ్ళు గడిచిపోయాయి.

మేం ఈ తగువులో ఏ పక్షానా నిలబడం. ఎందుకో చెబుతాం.

పేదరికానికి రుజువు అడగడం మనకు బాగా తెలిసిన అవమానం. మన పిల్ల హాస్టల్లో చేరాలంటే కులధ్రువపత్రం తేవాలి. దానికి తండ్రి పత్రం కావాలి, తండ్రికి తాత పత్రం కావాలి. తాతకు ఉన్నది కొండ, పత్రం కాదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా అడిగితే, ఈ కొండ మీదే ఉన్నావని రుజువేమిటి అంటారు. పెద్దల వాంగ్మూలాన్నీ రుజువుగా తీసుకోవాలని నియమాల్లోనే ఉన్నా, కాగితం తెమ్మంటారు. ముత్తాత నాటిన పనసచెట్టు కాయలు కాస్తూ నిలబడి ఉంటుంది. దాని మీద స్టాంపు లేదు కాబట్టి అది సాక్షి కాదు. ఇలా నిలదీయించుకున్న మనం మరొకరి దగ్గరికెళ్ళి, నువ్వు నిజంగా ఆకలితో పడుకున్నావా, బిల్లు చూపించు అనడం మనకు తగదు. పైగా టీ అమ్మినవాడు ప్రధాని కాలేడన్న వెక్కిరింత, అంబలి తాగినవాడు ఎమ్మెల్యే కాలేడన్న వెక్కిరింత, రెండూ ఒకటే నోటి నుంచి వస్తాయి. ఆ నోటితో కలిసి మనం నవ్వితే, రేపు నవ్వేది మన పిల్లల మీదే.

అయితే ఒక్క చోట రుజువు గట్టిగా అడగాలి. బాల్యాన్ని కాగితం మీద కొనుక్కుని మన సీటు లాక్కునే చోట. దొంగ ఎస్టీ ధ్రువపత్రాలతో కాలేజీ సీట్లూ ఉద్యోగాలూ పొందడం ఎంత ముదిరిందంటే, 1993లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీని మీద చట్టమే తేవలసి వచ్చింది. 1994లో మాధురీ పాటిల్ కేసులో సుప్రీంకోర్టు ఈ పత్రాల పరిశీలనకు కమిటీలు ఉండాలని చెప్పింది. అక్కడ కథ అబద్ధమైతే ఒక ఆదివాసీ పిల్ల ఇంటికి తిరిగి వస్తుంది. ఆ అబద్ధాన్ని వదిలేయకూడదు.

మిగతా చోట్ల, నాయకుడి బాల్యం నిజమైనా సరే, ఆ నిజం మనకు ఏ కీడు చేస్తోందో చూడాలి. మా ఫిర్యాదు అసలు అక్కడుంది.

కథలో లేని వంతెన

గెడ్డ దాటిన ప్రతివాడూ ఏదో ఒక వంతెన మీద దాటాడు. ఒకరికి తాత ముఠాదారీ. ఒకరికి రెండెకరాల పల్లం. ఒకరికి సర్కారు హాస్టలు, ఒకరికి స్కాలర్‌షిప్పు, ఒకరికి మిషన్ బడి, ఒకరికి ఎస్టీ రిజర్వుడు నియోజకవర్గం. కథ చెప్పేటప్పుడు మాత్రం ఆ వంతెన మాయమవుతుంది. కాళ్ళూ, నీళ్ళూ, పట్టుదలా మిగులుతాయి.

దీని ఫలితం చూడండి. "నేను దాటాను, నువ్వూ దాటు" అన్నప్పుడు దాటలేని పిల్ల తప్పు తనదే అనుకుంటుంది. ప్రభుత్వం కట్టాల్సిన వంతెన పిల్ల పట్టుదలగా మారిపోతుంది. మాస్టారు లేని ఏకోపాధ్యాయ బడి, తలుపు లేని మరుగుదొడ్డి, తెలుగు రాని పిల్లకు తెలుగులోనే ఉన్న ఒకటో తరగతి పుస్తకం, ఇవన్నీ కథలో గొప్ప మలుపులైపోతాయి. కష్టాలు లేకపోతే నాయకుడెలా తయారవుతాడు అన్నంత దూరం వెళ్తుంది మాట. కష్టమే అంత మంచి గురువైతే తమ పిల్లల్ని కూడా మా ఏకోపాధ్యాయ బడికే పంపవచ్చు కదా? పంపరు.

ఇంకో కీడు ఉంది. ఈ కథ మన నోరు మూస్తుంది. గర్భిణిని డోలీలో మోసుకొచ్చామని చెప్పబోతే, "నాకు తెలియని కష్టమా! మా అమ్మనీ డోలీలోనే మోశారు" అంటాడు. అర్జీ తీసుకోవాల్సిన చెయ్యి భుజం మీద పడుతుంది. ఫిర్యాదు చెప్పుకోడానికి వెళ్ళినవాడు సానుభూతి మోసుకుని తిరిగి వస్తాడు. డోలీ తెలిసినవాడు అధికారంలోకి వచ్చాక కూడా డోలీ అలాగే ఉంటే, తెలియకపోవడం కన్నా తెలిసి ఉండటం పెద్ద తప్పు. తెలియనివాణ్ణి క్షమించవచ్చు.

మన తెలుగులో దీనికి సామెత ఉంది: ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న. ఈ నాయకులు ఇంకో అడుగు ముందుకేశారు. ఏరు దాటాక ఓడని తగలేసి, నేను ఈదుకుంటూ వచ్చానని చెబుతున్నారు.

దాటినవాళ్ళలో వంతెన కట్టినవాళ్ళూ ఉన్నారు. అంబేడ్కర్ సంగతి పిల్లలకు ఎలా చెబుతున్నామో ఒకసారి గుర్తు చేసుకుందాం. తరగతి బయట గోనెపట్టా మీద కూర్చున్నాడు, తాకకుండా నీళ్ళు పోశారు, అయినా పట్టుదలతో చదివాడు అంటాం. అంతా నిజమే. కానీ 1913లో ఆయన్ని కొలంబియా విశ్వవిద్యాలయానికి చేర్చింది బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్పు. ఆయన ఆ వంతెనను మరిచిపోలేదు. వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడుగా ఉండగా షెడ్యూల్డు కులాల పిల్లల పైచదువులకు సర్కారు స్కాలర్‌షిప్పు ఇప్పించాడు. 1944లో మొదలైన ఆ పథకం తర్వాత మన ఎస్టీలకూ వచ్చింది. ఈ వ్యాసం చదువుతున్నవాళ్ళలో ఎంతోమంది ఆ వంతెన మీద నడిచినవాళ్ళే. పిల్లలకు గోనెపట్టా కథ చెప్పి స్కాలర్‌షిప్పు కథ దాచడం అంబేడ్కర్‌ని సగం చేసి చెప్పడమే.

మన జైపాల్ సింగ్ ముండాదీ అంతే. రాంచీ మిషన్ బడిలో చదివి, ఆ బడి ప్రిన్సిపల్ సాయంతో ఇంగ్లండు వెళ్ళి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత హాకీ జట్టు కెప్టెన్ అయ్యాడు. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి తనను తాను జంగ్లీ అని చెప్పుకొన్నాడు. జాలి కోసం ఆ మాట అనలేదు. ఆక్స్‌ఫర్డ్‌ను దాచుకోలేదు కూడా. ప్రజాస్వామ్యం మాకు మీరు నేర్పనక్కర్లేదని సభకు చెప్పి, ఆదివాసుల హక్కుల సంగతి ఎత్తాడు. అడవి నుంచి వచ్చానన్న మాట ఆయన ప్రసంగానికి మొదలు. మన నాయకుల ప్రసంగానికి అదే మొదలు, అదే ముగింపు.

ఫైలు మీద సంతకం

ఇప్పటి మాటకొద్దాం. ద్రౌపదీ ముర్ము 1958లో ఒడిశా మయూర్‌భంజ్ జిల్లా ఉపర్‌బెడలో సంతాల్ కుటుంబంలో పుట్టారు. కొంతకాలం మాలాగే బడిలో పాఠాలు చెప్పారు. 2022 జులైలో దేశానికి మొదటి ఆదివాసీ రాష్ట్రపతి అయ్యారు. ఆ రోజు మా బడుల్లో మిఠాయిలు పంచాం. ఆ సంతోషం అబద్ధం కాదు, దాన్ని వెనక్కి తీసుకోం.

కానీ ఆమె పేరు ప్రకటించగానే విలేకరులు ఆమె ఊరికి వెళ్ళి ఒక సంగతి రాశారు. ఉపర్‌బెడ గూడేల్లో ఒకటైన డుంగూర్‌సాహికి అప్పటికి కరెంటు లేదు. వార్త రాగానే స్తంభాలు దిగాయి, తీగలు లాగారు. ఒక గూడేనికి కరెంటు రావాలంటే ఆ ఊరి నుంచి రాష్ట్రపతి రావాలా? అలాగైతే మిగిలిన గూడేలకు ఎన్ని వందల మంది రాష్ట్రపతులు కావాలి?

ఆమెను మేం చిన్నప్పుడు నడిచిన దూరంతో కొలవం. జార్ఖండ్ గవర్నరుగా ఉండగా, ఆదివాసీ భూములకు కాపలా అయిన చోటానాగ్‌పూర్, సంతాల్ పరగణా కౌలు చట్టాలను సడలించే బిల్లులు ఆమె ముందుకొచ్చాయి. 2017లో ఆమె వాటిని తిప్పి పంపారు. తన పార్టీ ప్రభుత్వమే పంపిన బిల్లులవి. ఆ ఒక్క పని వంద బాల్యాల కథలకన్నా బరువైనది. అదే తక్కెడతో తూచితే, రాష్ట్రపతిగా 2023 ఆగస్టులో అటవీ సంరక్షణ చట్ట సవరణకు పడిన ఆమోదం కూడా లెక్కకు రావాలి. ముందస్తు అనుమతి అక్కర్లేని అడవి పనుల జాబితాను పెంచిన సవరణ అది. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మీద నడుచుకోవాలన్నది రాజ్యాంగం. నిజమే. మేం చెప్పేదీ అదే. కుర్చీలో ఎవరి బాల్యం కూర్చుందన్నది చాలదు. ఆ కుర్చీకి ఎంత అధికారం ఉంది, సంతకం ఎవరి మాట మీద పడుతోంది, అది చూడాలి.

మన మన్యంలోనూ ఇదే. 1997 సమతా తీర్పు షెడ్యూల్డు ప్రాంతంలో గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు భూమి లీజుకివ్వకూడదని చెప్పింది. అయినా 2015 నవంబరులో చింతపల్లి అడవిలో బాక్సైటు కోసం జీవో 97 వచ్చింది. ఆ జీవో తెచ్చిన ప్రభుత్వంలో పల్లెటూరి బిడ్డలకు కొదవ లేదు. అది 2019లో రద్దయిందంటే నాయకుల బాల్యం గుర్తుకొచ్చి కాదు. కొండ ఊళ్ళు ఏళ్ళ తరబడి కదిలాయి గనక.

మా వంతెన సంగతి

ఇంతవరకూ వేలు నాయకుల వైపు చూపించాం. ఇప్పుడు మా వైపు తిప్పుకోవాలి. లేకపోతే ఈ వ్యాసానికి విలువ లేదు.

మేమూ తరగతి గదిలో అదే కథ చెబుతున్నాం. "మేం కూడా మీలాగే గెడ్డ దాటి చదువుకున్నాం. చదివితే మీరూ మాస్టార్లవుతారు." మేం గెడ్డ దాటిన మాట నిజం. కష్టపడి చదివిన మాటా నిజం. కానీ మాతో ఒకటో తరగతిలో చేరి మాకన్నా చురుగ్గా లెక్కలు చేసినవాళ్ళు మా ఊళ్ళో ఇప్పటికీ పోడు కొడుతున్నారు. పాత అడ్మిషన్ రిజిస్టరు తీస్తే వాళ్ళ పేర్లు ఎర్ర సిరాతో కొట్టేసి కనిపిస్తాయి. వాళ్ళకు పట్టుదల తక్కువై కాదు.

మా వంతెన పేరు జీవో 3. 2000 జనవరిలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఆ ఉత్తర్వు షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. మాలో చాలామంది డిప్లొమా పట్టుకుని దాని మీదే నడిచి ఉద్యోగంలోకి వచ్చాం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టేసింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతు మీద కదపకుండా ఉంచింది. అంటే మేం అవతలి గట్టు చేరాం, మా వెనక వంతెన పడిపోయింది. ఇప్పుడు గట్టు మీద నిలబడి వెనకవాళ్ళతో "ఈదండి, పట్టుదల ఉంటే వచ్చేస్తారు" అంటే మేం ఆ నాయకుడికంటే ఏ విధంగా మెరుగు?

డీఎస్సీకి చదువుతున్న మా తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ మమ్మల్ని అడగరు గానీ, అడగాలి. జీవో 3 పోయినప్పుడు మీ సంఘం ఎన్ని రోజులు రోడ్డెక్కింది? ఐదో షెడ్యూలు ప్రకారం పక్కా చట్టం తెమ్మని మీ ఎమ్మెల్యేని ఎన్నిసార్లు నిలదీశారు? మీ జీతం పదిలమని తెలిశాక చల్లబడ్డారా? ఈ ప్రశ్నలకు మాలో చాలామంది తల దించుకోవాల్సిందే.

ఇంకా ఉంది. మాలో చాలామందికి ఇప్పుడు పట్నంలో ఇల్లుంది. మా పిల్లలు పట్నంలో ప్రైవేటు బడిలో చదువుతున్నారు. ఇంట్లో వాళ్ళతో కువి మాట్లాడం. ఆగస్టు 9న మాత్రం ఊరికొచ్చి, చోడి అంబలి తాగిన రోజులు తలుచుకుని కళ్ళు తుడుచుకుంటాం. నాయకుడి దగ్గర మైకు ఉంది, మా దగ్గర సుద్దముక్క ఉంది. తేడా అంతే. రేపు మాలోంచి ఒకడు జడ్పీటీసీ అయినా, ఎమ్మెల్యే అయినా, ఆయన చెప్పబోయే కథ మా గొంతులో ఇప్పటికే తయారుగా ఉంది. యువకులారా, పరాయి నాయకుడి కథను అనుమానించడం సులువు. మన ఇంట్లో తయారవుతున్న కథను ఇప్పుడే ఆపండి.

ఏం చేద్దాం

కథలు చెప్పవద్దని మేం అనడం లేదు. పిల్లలకు కథ కావాలి. గెడ్డ అవతలి నుంచి ఒకరు వచ్చి నిలబడ్డారంటే వాళ్ళకు ధైర్యం వస్తుంది, ఆ ధైర్యాన్ని తీసేయకూడదు. చెప్పేటప్పుడు వంతెనతో సహా చెప్పాలి. మాస్టార్లం ముందు మా కథ సరిచేసుకుందాం. "మేం చదివాం. మాకు హాస్టలు ఉంది, స్కాలర్‌షిప్పు ఉంది, జీవో 3 ఉంది. అవి పోరాడితే వచ్చాయి, చూసుకోకపోతే పోయాయి." ఐదో తరగతి పిల్లకు ఇది అర్థమవుతుంది. అర్థమైన పిల్ల పరీక్ష తప్పినప్పుడు తన్ను తాను తిట్టుకుని ఆగిపోదు, హాస్టల్లో లెక్కల మాస్టారు ఎందుకు లేడని కూడా అడుగుతుంది.

యువకులు నేర్చుకోవాల్సింది కాగితం చదవడం. మనల్ని ఇన్నాళ్ళూ కాగితంతోనే కొట్టారు, అదే కాగితం మనకూ పనికొస్తుంది. నాయకుడి బాల్యానికి ఫారం లేదు, కానీ ఆయన వర్తమానానికి ఉంది. 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పుల తర్వాత ఎన్నికల్లో నిలబడే ప్రతివాడూ తన ఆస్తులు, అప్పులు, క్రిమినల్ కేసులు, చదువు ప్రమాణపత్రంలో రాసివ్వాలి. ఫారం 26 అంటారు. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. మీ ఊళ్ళో సెల్‌ఫోను సిగ్నలు దొరికే గుట్ట ఎక్కి దాన్ని దించుకోండి. పోయినసారి ఎంత చూపించాడు, ఈసారి ఎంత చూపించాడు, పక్కపక్కన రాసి గ్రామసభలో చదవండి. అంబలి తాగిన బాల్యం ఎంత పొడుగైనా కానివ్వండి, ఈ రెండు వరుసల మధ్య తేడా ఎంత, ఆ ఐదేళ్ళలో మన గెడ్డ మీద ఎన్ని రాళ్ళు పడ్డాయి, అది లెక్క.

అసెంబ్లీలో మన సీటు నుంచి వెళ్ళినవాడు జీవో 3 గురించి ఎన్నిసార్లు లేచాడు, 1/70 చట్టాన్ని సడలిస్తామన్న మాట వచ్చినప్పుడు ఎక్కడున్నాడు, 1996 పీసా చట్టం ప్రకారం గ్రామసభను అడగాల్సిన పనికి అడిగించాడా, ఇవీ అదే కాగితం కింద రాయండి. ఆ లెక్కలో నిలబడినవాడు తన బాల్యం ఎంతసేపు చెప్పుకున్నా ఓపికగా విందాం, చప్పట్లూ కొడదాం. నిలబడనివాడు ఏ గుడిసెలో పుట్టినా మనకేం?

చివరగా సభ సంగతి. సభలు ఆపలేం, నాయకులు రాక మానరు. వరస మార్చగలం. వచ్చే ఆగస్టు 9న మైకు ముందు పిల్లలకిద్దాం. వాళ్ళ భాషలోనే మాట్లాడనిద్దాం, పక్కన భాషా వాలంటీరో మాస్టారో నిలబడి తెలుగులో చెబుతారు. ఆ పొద్దున ఏ ఊరి నుంచి వచ్చారు, ఎన్ని గెడ్డలు దాటారు, దారిలో ఏం తిన్నారు, బడిలో ఎంతమంది మాస్టార్లున్నారు, అదంతా చెప్పనిద్దాం. నలుగురైదుగురు పిల్లలు చాలు. నాయకుడు వేదిక మీద కూర్చుని విననీ. ఆ తర్వాత లేచి "నేనూ మీలాగే" అని మొదలుపెడితే, గెడ్డ అవతలి పిల్ల తన ప్రశ్నను ఈసారి మా దగ్గర కాకుండా నేరుగా ఆయన్నే అడుగుతుంది.

అప్పుడు ముందుగా చప్పట్లు కొట్టకుండా ఆగడం మా వంతు.